బాండ్ అను క్రియాపదంపై నాగరాణి దండయాత్ర

కృష్ణాజలాలు ఎడమ కాలువ వెంట తరలివచ్చి పచ్చపరచిన వరిమళ్ల నడుమ, బియ్యపు మిల్లుల పొగగొట్టాలే జయస్తంభాలుగా, గాలికెగిరే ఊకధూళియే మంగళాక్షతలుగా విరాజిల్లే మిర్యాలగూడ పురవరంలో, మార్గశిర మాసపు ఒకానొక సోమవారం పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు, బస్టాండు వెనుక వీధిలో, మందుల దుకాణం పై అంతస్తున, ముప్పై రెండు ప్లాస్టిక్ కుర్చీలతో శోభిల్లే స్పోకెన్ ఇంగ్లిష్ విద్యాపీఠంలో జరిగిన ఘోరపరాభవాన్నీ, దాని దరిమిలా సాగిన మహాసంగ్రామాన్నీ చెబుతున్నాను. బస్సు కోసం నిలబడ్డవారు నిలబడే వినవచ్చు. కూర్చున్నవారు కాస్త జరిగి పక్కవారికి చోటివ్వాలి.

ఆ పరాభవం పాలైన వీరాంగన నాగరాణి. కోదాడలో పుట్టి, డిగ్రీ పట్టా పుచ్చుకుని, ఐదు నెలల కిందట పెద్దవూరకు కోడలై వచ్చిన ఇరవైనాలుగేళ్ల యువతి. ఆమె భర్త, చతుర్దశచక్రరథసారథి ధర్మేందర్, మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీ నడుపుతూ వారానికొక్క రోజు ఇల్లు చేరేవాడు. మిగిలిన ఆరు రోజులూ ఆ ఇంట ఉండేది నాగరాణి, ఆమె అత్త బక్కమ్మ, నలభై మూడు గొర్రెలు.

మిర్యాలగూడలో ఒక ప్రైవేటు బడికి టీచరు కావలసివచ్చింది. శనివారం తాను పెట్టే పరీక్షలో నెగ్గినవారినే ఇంటర్వ్యూకు పంపుతానని విద్యాపీఠాధిపతి నవీన్ సార్ ప్రకటించాడు. నియమం ఒక్కటే. చీటీలో ఏ క్రియాపదం వస్తే దానితో, పుస్తకంలోది కాకుండా, సొంత బతుకులోంచి ఒక వాక్యం చెప్పాలి. నాగరాణి ఆ సోమవారమే చీటీ తీసింది. ఇంగ్లిషులో నాలుగే అక్షరాలు: బాండ్. మనిషికీ మనిషికీ నడుమ దగ్గరితనం ఏర్పడడమని సార్ అర్థం చెప్పి, ఒకసారి ప్రయత్నించమన్నాడు. ఆమె సింహకిశోరంలా లేచి, ‘ఐ బాండ్ మై మదరిన్‌లా’ అని గర్జించింది.

“మేడం, మీరు మీ అత్తమ్మను గమ్ము పెట్టి అతికించిండ్రు,” అన్నాడు నవీన్ సార్ నెమ్మదిగా. “దాని పక్కన విత్ ఉండాలె.”

ముప్పై ఒక్క కుర్చీలు నవ్వాయి. ఆ శరాఘాతాన్ని ఆమె ఓర్చుకున్నది. రెండో బాణమే గుండెకు తగిలింది. విత్ పెట్టే చెప్పారనుకుందాం, ఇంతకూ మీరు అత్తమ్మకు ఎట్ల దగ్గరయ్యారు, ఏం జరిగింది అని ఆయన మామూలుగా అడిగాడు. ఏమీ జరగలేదు. ఐదు నెలలుగా ఆ ఇంట అత్తాకోడళ్ల నడుమ నడిచిన సంభాషణ యావత్తూ ‘తిన్నవా’, ‘తిన్నానండీ’ అనే రెండు మాటల్లో ఇమిడిపోయేది.

తిరుగు బస్సులో, హాలియా దాటేలోగా, ఆ క్రియాపదాన్ని సత్యవాక్యంతోనే వశపరచుకుంటాననీ, అంతవరకు ఫోనులో సీరియల్ చూడననీ ఆమె భీషణ ప్రతిజ్ఞ చేసింది. మంగళవారం రణం మొదలైంది. శత్రువు బాండ్స్, బాండెడ్, బాండింగ్ అనే నానారూపాలు ధరించి దిక్కుకొకటిగా విరుచుకుపడింది. స్నేహితురాలు శైలజ పేరు పెట్టి నాగరాణి ఒక వాక్యం సంధించింది. సూర్యాపేటలో ఉంటున్న శైలజతో మాట్లాడి ఏడాదైందని గుర్తొచ్చి అస్త్రాన్ని ఉపసంహరించుకున్నది. బుధవారం సాయంత్రానికి నోట్‌బుక్కులో పద్దెనిమిది వాక్యాలు హతమై పడున్నాయి.

అప్పుడు మేషయూథపరిపాలిని బక్కమ్మ, యాభైయేడేళ్ల వీరమాత, గొర్రెలను దొడ్డికి తోలి వచ్చి గడపలో నిలబడింది.

“రెండు రోజులసంది బాండు బాండు అంటున్నవ్. ఏం కాయిదం రాపిస్తున్నవ్ బిడ్డా? ఈడ ఉండనని రాసిస్తున్నవా?”

నాగరాణి నివ్వెరపోయింది. రెండు రోజులుగా అత్త అన్నం సగమే తింటున్నదని అప్పుడు తట్టింది.

“బాండంటే ఆ కాగితం కాదండీ. మనుషులు కలిసిపోవడం. ఇంగ్లిషు మాట.”

బక్కమ్మ గట్లనా అని, గొర్రెల మేతకు చేటెడు చిట్టు తీసుకుని దొడ్డివైపు వెళ్లిపోయింది.

గురువారం అరుణోదయాన దొడ్డిలో రెండు ఘోరాలు జరిగాయి. ఒక గొర్రె ఈని చనిపోయింది, పిల్ల బతికింది. మరొక గొర్రె ఈనింది. పిల్ల చచ్చి పుట్టింది. తల్లిలేని పిల్లను పిల్లలేని తల్లికి అలవాటు చేయాలి. తొలిపాలు కడుపున పడకపోతే ఆ పిల్ల పొద్దుగూకే దాకా ఆగదు. ఇటువంటి వేళ గొర్రె తల పట్టేది ధర్మేందర్. అతని లారీ అప్పుడు ఎక్కడో టోల్‌గేటు దగ్గర ఉన్నది. బక్కమ్మ కుడి భుజం ఏడాదిగా పైకి లేవడం లేదు.

“నాగరాణీ, జర ఇటు రా. దీని తల పట్టాలె.”

అంతవరకు గొర్రెను తాకి ఎరగని ఆ కోదాడ వనిత, కొంగు బిగించి, దొడ్డి అనే రణరంగంలో అడుగుపెట్టింది. కరకుకొమ్ములు లేకున్నా కొండంత మొండితనం గల ఆ మేషరాజ్ఞి, మెడ మీద చెయ్యి పడగానే, పెంటలోంచి, నీళ్ల తొట్టి మీదుగా, కంచె దాకా ఆమెను ఈడ్చుకుపోయింది. ఆమె పడింది, లేచింది, మళ్లీ పట్టింది. పిల్ల దగ్గరికి రాగానే గొర్రె తలతో కుమ్మి విసిరికొట్టేది. బక్కమ్మ ఆ గొర్రె పాలే పిండి పిల్ల వీపుకు, తోకకు రాసింది. వాసన పట్టి తనదే అనుకోవాలని. గొర్రె మూతి తిప్పుకున్నది. తల కోడలు, కాళ్లు అత్త బిగించి పట్టగా, మూడో దాడిలో ఆ పిల్ల నాలుగు గుటకలు మింగింది.

పూటకు నాలుగుసార్లు ఇదే యుద్ధం. నాగరాణి శుక్రవారం క్లాసుకు పోలేదు. గొర్రెను కదలకుండా పట్టుకుని కూర్చున్న ఆ గంటల్లో ఇద్దరికీ మాటలు తప్ప చేయడానికి మరేమీ లేకపోయింది. తాను మఠంపల్లి నుంచి ఈ ఇంటికి వచ్చినప్పుడు ఏడాది దాకా తన అత్త తనను పేరు పెట్టి పిలవలేదని బక్కమ్మ చెప్పింది. అప్పట్లో గొర్రెలతోనే మాట్లాడేదట. ఆ అలవాటు పోలేదట.

“నువ్వు అండీ అండీ అంటుంటె, నాకు సర్కారు దఫ్తర్ల నిలబడ్డట్టే ఉంటది,” అన్నది.

“మీరు ‘నువ్వు, నువ్వు’ అంటుంటే తిడుతున్నారనుకున్నాను,” అన్నది నాగరాణి.

బక్కమ్మ నవ్వింది. ఆ నవ్వుకు పట్టు సడలి గొర్రె తప్పించుకున్నది. పట్టుకోవడానికి పావుగంట పట్టింది.

శుక్రవారం మూడు గంటలకు పిల్ల తనంతట తాను పొదుగు కిందికి దూరింది. గొర్రె మెడ తిప్పి, వాసన చూసి, మళ్లీ చూసి, పిల్ల తోకను నాకింది. పిల్ల తోక గిరగిరా తిరిగింది.

“అయిపాయె. పిల్లతోటి కలిసింది,” అన్నది బక్కమ్మ, నేల మీద చతికిలబడుతూ.

నాగరాణి చేతులు వదిలి అలాగే ఉండిపోయింది. “అత్తమ్మా, ఆ ‘తోటి’ అన్నావే, మా సార్ అడిగే విత్ అదే,” అన్నది. అండీ అనడం ఆమె మరిచిపోయిన సంగతి ఇద్దరిలో ఒక్కరే గమనించారు. గమనించినామె చీరకొంగుతో ముఖం తుడుచుకుని, చాయ్ పెట్టమన్నది.

శనివారం పదకొండు గంటలకు, ముప్పై ఒక్క కుర్చీల మహాసేన చూస్తుండగా, కంచె గీరిన ముంజేతి గీతలే వీరాభరణాలుగా నాగరాణి లేచి నిలబడింది. ఉత్త పుస్తకాల వాక్యాలతో అలసిన ఆ గదిలో ఆమె మూడు వాక్యాలు పలికింది.

“ది షీప్ బాండెడ్ విత్ ది ల్యాంబ్. మై మదరిన్‌లా అండ్ ఐ హెల్డ్ ది షీప్ ఫర్ టూ డేస్. వి బాండెడ్.”

నవీన్ సార్ పెన్ను ఆగింది. మొదటి దానికి విత్ పెట్టారు, చివరి దానికి ఏదీ అని అడిగాడు. ఎవరో నవ్వబోయారు.

“ఇద్దరినీ కలిపి ‘మేము’ అనేశాక ఇంక ‘తోటి’ ఎందుకు సార్?” అన్నది నాగరాణి.

గురువు బల్ల సొరుగులోంచి అట్ట ఊడిన నిఘంటువు తీశాడు, వేలితో వరుస వెంట దిగాడు, రెండు పేజీలు వెనక్కి తిప్పాడు. అవసరం లేదని ఒప్పుకుని ఇంటర్వ్యూకు ఆమె పేరు రాసుకున్నాడు.

దిక్కులు దద్దరిల్లేలా వినండి: ఆరు రోజుల ఘోరసంగ్రామానంతరం, పెద్దవూర గొర్రెలదొడ్డి వీరవనిత నాగరాణి, నాలుగక్షరాల క్రియాపదాన్ని జయించి, దాని అంగరక్షకుడైన విత్ అవసరం కూడా లేకుండా చేసుకున్నది. దుందుభులు మోగలేదు, కింద మందుల దుకాణం షట్టరు ఒకటి కిర్రుమన్నది. విజేతకు మధ్యాహ్నం పన్నెండున్నర బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది.