హనీమూన్‌కు ఎంఆర్ఐ సెంటరే మేలు

హనీమూన్‌కు ఊటీ ఎందుకండీ? ఎంఆర్ఐ సెంటర్‌కు వెళ్లండి!

నవ్వకండి. బాన్సువాడ నుంచి హైదరాబాద్ దాకా, పెళ్లయ్యాక తొలిసారి మా ఆయనతో బస్సులో వెళ్లి తెలుసుకున్న సత్యమిది. మధ్యలో మా మామ రామన్నగారు కూర్చున్నారు కాబట్టి నేను తలవాల్చింది కిటికీ మీద. అయినా హనీమూన్ హనీమూనే!

సీటీ స్కాన్ తీస్తే మామ ఊపిరితిత్తిలో శనగగింజంత గడ్డ కనబడింది. మంచిదో చెడ్డదో తేలాలి. ఇంట్లో ఎవరికీ ముద్ద దిగడం లేదు. మామ ఫికర్ మాత్రం వేరు. "మల్ల మల్ల గా కిరణాలు ఒంట్లకు పోతే మంచిగ గాదంట బిడ్డా!" అని బీడీ మీద బీడీ ముట్టిస్తూ బాధపడ్డారు. అందుకే డాక్టరుగారు, "ఈసారి ఎంఆర్ఐతో చూద్దాం, రేడియేషన్ ఉండదు" అన్నారు.

ఎంత గొప్ప మిషనండీ! లోపల పెద్ద అయస్కాంతమట. "ఒంటిమీద నగలూ ఇనుమూ ఉండొద్దు, జేబులు ఖాళీ చెయ్యండి" అన్నాడు టెక్నీషియన్. చెప్పింది మామకే. కానీ మాది ఉమ్మడి కుటుంబం, ఒకరికి చెబితే అందరం చేస్తాం! మామ వెండి తాయెత్తు విప్పారు. రేకు బీడీల డబ్బా బల్ల మీద పెట్టారు. మా పెళ్లిపీటల దగ్గర కూడా వదలని డబ్బా! నేను గాజులూ మెట్టెలూ తీశాను. మా ఆయన జేబులు కుమ్మరించారు. ఆ సంగతి తర్వాత.

బోరుబండిలా దడదడా చప్పుడు. "ఊపిరి బిగబట్టండి" అని మైకులో చెబితే, "నలభై ఏండ్ల సంది పొగనే బిగబడుతున్న, ఉత్త గాలెంత?" అన్నారట మామ. ఆ మాటకే బిగబట్టిన ఊపిరంతా పోయి, మళ్లీ మొదటికొచ్చింది!

చివరికి డాక్టరుగారు పిలిచి, భయపడే గడ్డలా లేదన్నారు. ఆర్నెల్లకు మళ్లీ రమ్మన్నారు, బీడీ మానమన్నారు. నేను అక్కడే ఏడ్చి, నవ్వి, ఎదురుగా ఉన్న నర్సును కావలించుకున్నాను. చూశారా? ఊటీలో దొరుకుతుందా ఇంత ఆనందం?

ఇక మా ఆయన జేబులు. తాళంచెవులు, దువ్వెన, ఏలకుల పొట్లం... వాటి వెనకే బీడీకట్ట! ఇంట్లో బీడీలు చుట్టే మా అత్తమ్మ కట్టిందే, ఆ ఎర్రదారం ముడి నాకు తెలియదా!

"బీడీకట్ట ఇనుమా ఏందిరా దత్తూ, గదెందుకు తీసినవ్?" అన్నారు మామ జాలిగా.

మామ గడ్డ సంగతి తేల్చడానికి మిషన్‌కు అంతసేపు పట్టింది. మా ఆయన సంగతి గుమ్మం దగ్గరే తేల్చేసింది.

పెళ్లైన నాటినుంచీ ఆ ఏలకుల ఘుమఘుమ నా కోసమే అనుకున్నానండీ!