ఒక ఫారానికి పదహారు పేజీలు

సున్నాను కనుక్కోవడానికి మానవజాతికి వేల సంవత్సరాలు పట్టింది. ఆ సున్నాకూ ఎనిమిదేళ్ల పిల్లకూ నడుమ గోడ కట్టడానికి తార్నాకలోని ఒక బడికి ఒక్క సర్క్యులర్ సరిపోయింది. 'ప్రాథమిక స్థాయి ఉన్నత గణిత విభాగ ప్రవేశ నియమావళి' అన్నది దాని పేరు. దాని ప్రకారం మూడో తరగతిలో లెక్కలు ఇకమీదట రెండు రకాలు: మామూలు లెక్కలు, అడ్వాన్స్‌డ్ లెక్కలు. (రెండింటిలోనూ రెండూ రెండూ నాలుగేనా అని తల్లిదండ్రుల సమావేశంలో ఎవరో అడిగారు. ఆ విషయం కమిటీ పరిశీలనలో ఉన్నది.)

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో బైండరుగా పనిచేసే పరశురాంకు ఈ నియమావళితో పని పడింది. ఆయన కూతురు ప్రణీత, టీచరు బోర్డు మీద పది లెక్కలు రాసేలోగా పదకొండు చేసేది. (పదకొండోది సొంతంగా కల్పించుకున్నది, దానికి మార్కులు లేవు.) తక్కిన పీరియడంతా నోటిమీద వేలు వేసుకుని కూర్చోవాలన్నది క్రమశిక్షణ. కొన్నాళ్లకు పిల్లకు కడుపునొప్పి పట్టుకుంది. అది లెక్కల పీరియడుకు ముందు వచ్చి, ఆ పీరియడు ముగియగానే పోయేది. ఈమధ్య అదీ తగ్గింది. ఎట్లా తగ్గిందని అడిగితే, "ఇప్పుడు మెల్లగ చేస్తున్న నాన్నా. అందరితోటే అయిపోతది" అన్నది. పరశురాంకు కడుపునొప్పే నయమనిపించింది. మర్నాడే దరఖాస్తు తెచ్చాడు.

బైండర్ల భాషలో ఫారం అంటే నింపేది కాదు, మడిచేది. పెద్ద అచ్చు కాగితాన్ని మూడుసార్లు మడిస్తే ఎనిమిది ఆకులు, పదహారు పేజీలు. అది ఒక ఫారం. బడి వదిలాక బైండింగ్ గదిలో మైదా జిగురు వాసన మధ్య కూర్చుని, చిత్తు కాగితాలు మడిచి మడిచి, ప్రణీత రెట్టింపులన్నీ ఎక్కాల కంటే ముందే నేర్చింది. బడివారి దరఖాస్తు కూడా సరిగ్గా పదహారు పేజీలే ఉండటం చూసి పరశురాంకు ఆ సంస్థ మీద మొదటిసారిగా వృత్తిగౌరవం కలిగింది. దాన్ని మూడు ప్రతులు నింపాలి. పన్నెండో పేజీలో జన్మనక్షత్రం అడిగారు, ఉన్నత గణితం కనుక. ఆరో పేజీలో 'గర్భస్థ దశలో తల్లి లెక్కలు చేసేవారా?' అని ఉన్నది.

"రోజులు లెక్కపెట్టిన. రాయి" అన్నది ఆయన భార్య అమల.

(అవి మామూలు లెక్కల కిందికి వస్తాయని తర్వాత తెలిసింది.)

తొమ్మిదో నిబంధన ప్రకారం ప్రవేశం సహజ ప్రతిభకే గాని శిక్షణకు కాదు. కాబట్టి పిల్ల ఎక్కడా శిక్షణ పొందలేదని గుర్తింపుగల శిక్షణ కేంద్రమే ధ్రువీకరించాలి. మెట్రో స్టేషన్ పక్క సందులో అటువంటి కేంద్రాన్ని నడిపే శశిధర్ దగ్గరికి పరశురాం వెళ్లాడు.

"మా పాప ఏ కోచింగ్‌కు పోలే సార్. గదే రాసియ్యాలె."

"రాసిస్తమన్నా. ఏ బ్యాచ్‌ల ఉన్నది పాప?"

"ఏ బ్యాచ్‌ల లేదు. అందుకే గద సర్టిఫికెట్."

"మా రిజిస్టర్ల పేరు లేనోళ్ల గురించి మాకేం తెలుస్తదన్నా? ఆరు వారాలు జాయిన్ చెయ్యిండ్రి. అయినంక ఏ కోచింగూ తీసుకోలేదని మేమే ఇస్తం. గీ సర్టిఫికెట్ల మాది వంద శాతం రిజల్టు."

ఆరు వారాల అనంతరం, ఎక్కడా శిక్షణ పొందలేదన్న పత్రం ప్రణీతకు ప్రథమ శ్రేణిలో వచ్చింది.

ప్రవేశ పరీక్షలో ఇరవై ప్రశ్నలు. పందొమ్మిదింటికి ఆమె జవాబులు సరైనవి. ఇరవయ్యో ప్రశ్న ఇది: 'నాన్న మూడు ఫారాలు తెచ్చాడు. మొత్తం పేజీలెన్ని?' ప్రణీత నలభై ఎనిమిది అని రాసింది. బడివారి జవాబు: 'ఇచ్చిన సమాచారం చాలదు.' ఇరవైకి ఇరవై వచ్చినవారికే ప్రవేశం. పందొమ్మిది వచ్చిన పిల్లలకు లెక్కల్లో పునాది బలహీనమని నిపుణుల అభిప్రాయం.

పరశురాం అప్పీలు చేసుకున్నాడు. స్థాన నిర్ణయ సమన్వయాధికారి శేషాద్రి ఏనాడో కర్నూలు నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన మర్యాదస్తుడు. ఫైలు ముందు పెట్టుకుని, కుర్చీ చూపించాడు.

"చూడప్పా, తెలీదని చెప్పేదే అడ్వాన్స్‌డ్. మీ పాప తెలుసనింది. అదే వచ్చింది చిక్కు."

"తెలుసు కాబట్టే చెప్పింది సార్. ఫారమంటే పదహారు పేజీలు. మూడు పదహార్లు నలభై ఎనిమిది."

"అది మీ బైండింగ్ లెక్క. ఇది స్కూలు."

"ఆ ఫైల్లనే మా దరఖాస్తులున్నయి సార్. మీ బడివే. నాన్న తెచ్చిండు, మూడు ఫారాలు. ఒక్కసారి లెక్కపెట్టుండ్రి."

శేషాద్రి వేలు తడి చేసుకుని లెక్కపెట్టాడు. నిజాయితీపరుడు కనుక రెండోసారీ లెక్కపెట్టాడు. తర్వాత కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"పాప రాసింది కరెక్టే."

"మరి సీటు సార్?"

"కరెక్టని తేలింది కదప్పా, అక్కడే సమస్య. మా ఫారం ఎన్ని పేజీలో పరీక్షకు ముందే పాపకు తెలుసు. అంటే పేపరు లీకయినట్లే."

"ఫారం నింపకుంటే పరీక్షకు రానియ్యరు గద."

"రానియ్యము."

"నింపితే లీకు."

"అట్ల కాదు. నింపొచ్చు. చూడగూడదు."

ఇరవై ఏళ్లుగా పరశురాం ఎందరి సిద్ధాంత గ్రంథాలకో అట్టలు కట్టాడు. ఇంత పకడ్బందీ తర్కం వాటిలో ఎక్కడా తగల్లేదు.

"అయితే విచారణ పెట్టిండ్రి సార్" అన్నాడు చివరకు. "నేను రోజూ వస్తా. లైబ్రరీ ఇక్కడికి దగ్గర్నే."

శేషాద్రి నియమావళి తిరగేశాడు. లీకు మీద విచారణ కోరే అధికారి ఒక దరఖాస్తు నింపాలి. మూడు ప్రతులు. అందులోనూ జన్మనక్షత్రం ఉన్నది. ఆయన నియమావళి మూసి, కలం తీసి, ఫైలు మీద 'ప్రత్యేక సందర్భంగా అనుమతించడమైనది' అని రాశాడు. ప్రణీతకు సీటు వచ్చింది. ఆ సాయంత్రం ఆమె బైండింగ్ గదిలో ఒక్క కాగితమూ మడవకుండా, కొత్త పుస్తకానికి అట్ట వేయించుకుని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది.

ఉన్నత గణిత విభాగంలో నాలుగో తరగతి లెక్కల జవాబులను మూడో తరగతిలోనే కంఠతా పట్టిస్తారు. లెక్కలు చేస్తూ కూర్చుంటే సిలబస్ ముందుకు సాగదు. నెల తిరిగేసరికి మొదటి ప్రగతి నివేదిక వచ్చింది. హాజరు: సంతృప్తికరం. శుభ్రత: సంతృప్తికరం. ప్రవర్తన: సంతృప్తికరం. అడుగున, సరిదిద్దవలసిన లోపాలు అన్న గడిలో, టీచరు గుండ్రని చేతిరాతతో ఇట్లా రాశారు:

'విద్యార్థిని జవాబు చెప్పేముందు ఇంకా ఆలోచిస్తున్నది. తల్లిదండ్రులు ఇంటివద్ద శ్రద్ధ వహించి మాన్పించగలరు.'