టిచ్ బటన్ల కోడిపుంజు

యుద్ధమంటూ చెయ్యాల్సి వస్తే పేద దేశంలోనే చెయ్యాలి! ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

కోపం తెచ్చుకోకండి. డబ్బున్న దేశంలో ఒక వంతెన కూల్చారనుకోండి. ఏమవుతుంది? జనం పక్క వంతెన మీంచి వెళ్ళిపోతారు! ఆస్పత్రి కూలిస్తే ఇంకో ఆస్పత్రి. కరెంటు పోతే జనరేటరు. పొద్దున కూలినదాన్ని సాయంత్రానికల్లా ఇన్సూరెన్సు వాడొచ్చి టేపు పెట్టి కొలుస్తాడు. పాపం, బాంబు వేసినవాడి మనసెంత చివుక్కుమంటుందో ఎవరైనా ఆలోచించారా?

అదే పేద దేశమైతే వంతెన ఒక్కటే. ఆస్పత్రీ ఒక్కటే, అందులో డాక్టరూ ఒక్కడే. ఒక్క బాంబుతో పని పూర్తి! ఇంత పొదుపు ఇంకెక్కడైనా ఉందా?

నమ్మకం కుదరకపోతే కంచరపాలెం రైల్వే గేటు దగ్గర టైలరు దేవకుమార్‌ని అడగండి. యుద్ధం వల్ల బాగుపడ్డవాడు విశాఖపట్నం మొత్తానికి అతనొక్కడే.

1997 ఎండాకాలంలో కొరాంబా దేశపు ఓడ ఒకటి ఉక్కు కడ్డీల కోసం వచ్చి, రేవు బయట లంగరేసింది. కొరాంబా ఎంత దేశమంటే, మ్యాపు మీద ఈగ వాలితే కనిపించదు. ఓడ ఇక్కడ ఆగిందో లేదో అక్కడ అంతర్యుద్ధం మొదలైంది. ఓడేమో సర్కారుది. సర్కారేమో పడిపోయింది. మరిప్పుడు ఓడ ఎవరిది?

ఈ ప్రశ్న ఓడల కాగితాలు చూసే గురునాథరావు గారి బల్ల మీదికి వచ్చింది. ఆయన రూలు తప్పని మనిషి. ఓడ కదలాలంటే ఆ దేశ ప్రభుత్వం నుంచి ఉత్తరం రావాలి. ఉత్తరం మీద అచ్చయిన జెండా, ఓడ మీద ఎగిరే జెండా ఒక్కటై ఉండాలి. ఎంత తేలిక! చిక్కల్లా ఏమిటంటే, ఉత్తరం రావడానికి నెల పట్టేది, ప్రభుత్వం మూడు వారాలుండేది.

ఉత్తరం వచ్చినప్పుడల్లా జెండా కుట్టే పని దేవకుమార్‌కి. అంతకుముందు అతను స్కూలు యూనిఫారాలు, చర్చి క్వయర్ గౌన్లు కుట్టుకునేవాడు. ఇప్పుడు ఏకంగా ప్రభుత్వాలు కుడుతున్నాడు! ఎంత ప్రమోషన్! కూలి కింద కెప్టెన్ ఓడ రంగు డబ్బాలిచ్చేవాడు. దాంతో షాపు తలుపు, సైకిలు, ఇంట్లో నీళ్ళ డ్రమ్ము, అన్నీ ఓడ రంగుకి తిరిగాయి. దారినపోతూ కాసేపు కూర్చున్న మేక కూడా ఒకవైపు ఆ రంగులోకి వచ్చింది.

మొదటి జెండా మీద కోడిపుంజు. రెండో ప్రభుత్వం దాన్ని పీకేసి గొడ్డలి పెట్టింది. ఆ తర్వాత ఓ రోజు ఓడకీ ఒడ్డుకీ పడవ నడిపే జాలరిపేట కన్నబాబు పరిగెత్తుకుంటూ షాపుకొచ్చాడు.

"బావా, గవర్నమెంటు మల్లీ పడిపోనాదంట. గొడ్డలి పీకీసి పుంజునెట్టమంతన్నారు!"

"ఎటేపు సూసే పుంజురా?"

"ఓరి బాబో, ఆ ముక్క అడగడం మర్సిపోనాను."

అదే అసలు ముక్క. ఎడమవైపు చూసే పుంజు పాత పార్టీది, కుడివైపు చూసేది కొత్త పార్టీది. ఆ తేడా కోసం అక్కడ ఊళ్ళకి ఊళ్ళు తగలబడుతున్నాయి మరి! విప్పీ కుట్టీ దేవకుమార్‌కి విసుగొచ్చింది. చివరికి పుంజుకి టిచ్ బటన్లు కుట్టేశాడు. ఏ ప్రభుత్వమొస్తే అటు తిప్పి నొక్కుకోవడమే. ఇంత సౌకర్యమైన రాజ్యాంగం ఇంకే దేశానికుంది?

రేవు లోపల ఒక పెద్ద దేశం ఓడ బొగ్గు దింపుతోంది. ఆ దేశమూ యుద్ధంలోనే ఉంది లెండి, కాకపోతే వేరేవాళ్ళ ఎడారిలో. దానివల్ల ఆ ఓడవాళ్ళకొచ్చిన కష్టమల్లా, టీవీలో ఫుట్‌బాల్ మధ్యలో వార్తలు రావడం.

కొరాంబా ఓడలో పదిమందికి మాత్రం బియ్యం అయిపోయాయి. జాలరిపేటలో చేపలమ్మే నూకాలు జాలిపడి, అమ్మగా మిగిలిన చేపలూ గిన్నెడు అన్నమూ కన్నబాబు పడవలో పంపేది. నెలల తరబడి ఆ అన్నం తిన్న కెప్టెన్‌కి తెలుగు కూడా ఆ యాసలోనే వచ్చేసింది.

డిసెంబర్లో అనుకోని ప్రమాదం జరిగింది. శాంతి వచ్చింది! ఉత్తరం వచ్చేదాకా ప్రభుత్వం పడిపోలేదు. పుంజు కుడివైపు. మర్నాడు జెండా చూసి సంతకం పెడతానని, ఆ వెంటనే ఓడ వెళ్ళిపోవాలని గురునాథరావు గారు కబురు పెట్టారు.

దేవకుమార్ చర్చికి వేసుకునే చొక్కా వేసుకుని, జెండా ఇస్త్రీ చేసి, కన్నబాబు పడవెక్కాడు. ఇన్నాళ్ళకి వాళ్ళు ఇంటికెళ్తున్నారని అతనికి పట్టరాని సంతోషం. తీరా చూస్తే కెప్టెన్ మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఏటయ్యింది సార్? ఊరెల్లిపోతన్నారు కదా!"

"అక్కడ రేవే లేదయ్యా. యుద్ధంలో రేవు నోట్లో ఓడలు ముంచీసినారు. ఊరు కాలిపోనాది. ఆ బొగ్గోడ కెప్టెన్ని అడిగితే ఇంకో రేవుకెల్లమన్నాడు. మాకింకోటెక్కడిదయ్యా? ఉన్నదొక్కటే. ఓడలో ఆయిలా, అక్కడిదాకా ఎల్లడానికే సరిపోతాది. కాయితం తప్పని ఇన్నాళ్ళూ ఉండనిచ్చినారు. ఇప్పుడు కాయితం సరిపోనాదని ఎలిపోమంతన్నారు. నాను ఎక్కడికెల్తాను?"

దేవకుమార్‌కి చర్చి చొక్కా వేసుకుని వచ్చినందుకు సిగ్గేసింది. జెండా విప్పాడు, మళ్ళీ మడిచాడు, మళ్ళీ విప్పాడు. తర్వాత పుంజుని పీకి, కాళ్ళు పైకి వచ్చేలా తిప్పి, ఒక్కో బటనూ నొక్కాడు.

మర్నాడు గురునాథరావు గారొచ్చి ఉత్తరం చూశారు. పక్కాగా ఉంది. పైన జెండా చూశారు.

"ఇదేమిటయ్యా? పుంజు తలకిందులుగా ఉంది! ఏ దేశం జెండా ఇది?"

"ఏటో బాబూ, నాకూ తెలీదు" అన్నాడు కెప్టెన్.

కళ్ళజోడు సవరించుకుని ఆయన పుస్తకంలో జెండాలన్నీ తిరగేశారు. డెక్కు మీద ఎముకలు లెక్కపెట్టగలిగేలా నిలబడ్డ పదిమందినీ చాలాసేపు చూశారు. కలం తీసి కాగితం మీద రాశారు: "ఈ జెండా గల దేశమేదీ లేదు. లేని దేశానికి ఓడను పంపడానికి నిబంధనలు అంగీకరించవు."

డబ్బున్న దేశాల వాళ్ళు యుద్ధమొస్తే దేశాన్ని కాపాడుకుంటారు. అది వాళ్ళ తాహతు. ఆ పదిమంది మాత్రం, తమకు దేశమే లేదని కాగితం మీద రాయించుకుని, ఆ పూట అన్నం తిన్నారు.