బండి లేదు, పడుకున్నాను

ఆ పొద్దున్న బంగార్రాజు అనుకున్నదల్లా చాలా చిన్న పని. చెరకు రైతుల సంఘం ప్రెసిడెంటు అచ్చియ్యమ్మ బుచ్చయ్యపేట నుంచి వచ్చి తన కాటా చూస్తుంది. నచ్చితే ఈ సీజను సంఘం బండ్లన్నీ ఇక్కడే తూగుతాయి. నచ్చకపోతే అన్నీ బస్టాండు దగ్గరి కాటాకి పోతాయి, బంగార్రాజు ఈగలు తోలుకోవాలి.

ఈసారి అతనికి కొండంత ధైర్యం మేనకోడలు ప్రవల్లిక. ఆ పిల్ల ఒక ప్రోగ్రాం రాసి కాటా కంప్యూటర్లో పెట్టింది. బండి ఎక్కగానే తూకం బంగార్రాజు నంబరు నుంచి రైతుల వాట్సాప్ గ్రూపులోకి పోతుంది.

"ఇది తెర మీద కనబడదు మావయ్యా. ఎనకాల్నించి పని సేసుకుంటాది. తప్పేదైనా జరిగితేనే లాగ్‌లో రాస్తాది."

"లాగంటే ఏటే?"

"దాని డైరీ అనుకో. నువ్వేటీ ముట్టుకోకు, బేంకుకెళ్ళి వచ్చేస్తాను" అని ప్రవల్లిక స్కూటీ ఎక్కింది.

ముట్టుకోకు అన్నాక ముట్టుకోకుండా ఉండటం బంగార్రాజు వల్ల అయ్యే పని కాదు. పైగా అతని కాటా దగ్గర ఒక పద్ధతుంది. పని చేసేవాడు నోటితో చెప్తూ చెయ్యాలి. "బండెక్కింది!" అని అరవాలి, "బండి దిగింది!" అని అరవాలి. కిక్కురుమనకుండా ఉన్నవాడు కునుకు తీస్తున్నట్టే లెక్క. ఈ ప్రోగ్రామేమో అసలు ఉలకదు, పలకదు.

మావయ్యకి అర్థం కావాలని సెట్టింగులన్నీ తెలుగులోనే రాసింది ఆ పిచ్చి పిల్ల. 'లాగ్‌లో ఏం రాయాలి: తప్పులు మాత్రమే' అన్నచోట 'అన్నీ' అని మార్చాడు. 'లాగ్ ఎక్కడికి: ఫైలుకి' అన్నచోట, పై వరుసలో తూకం కోసం రాసి ఉన్న 'రైతుల గ్రూపుకి' అన్న ముక్క తెచ్చి అతికించాడు. ఆ గ్రూపులో తనూ ఉన్నాడు కదా, తన ఫోనుకీ వస్తుందని అతని తెలివి. కంప్యూటరు ఆపి, మళ్ళీ వేశాడు.

ప్రోగ్రాం బుద్ధిగా నిమిషానికోసారి చెప్పడం మొదలుపెట్టింది: 'లేచాను. కాటా చూశాను. బండి లేదు. పడుకున్నాను.'

కానీ తన నంబరు నుంచి పోయే మెసేజికి తన ఫోను మోగదు. గ్రూపు తెరిచి చూడాలని తోచని బంగార్రాజు మోగని ఫోనునే కాసేపు చూసి చూసి, "దీని దుంప తెగ! ఇంకా మాటాడదేటి?" అని 'నిమిషానికోసారి'ని 'సెకనుకోసారి' చేశాడు.

ఆ గ్రూపులోనే ఉన్న బావమరిది పరదేశి రోలుగుంట నుంచి ఫోను చేశాడు. "బావా, ఒంట్లో బాగుందా?"

"నాకేటి, గుండ్రాయిలాగున్నాను."

"మరి అన్నిసార్లు లేస్తన్నావు, పడుకుంటన్నావు?"

ఇదేదో వేళాకోళమనుకుని బంగార్రాజు ఫోను పెట్టేశాడు. పరదేశి ఊరుకోకుండా అక్కకి చెప్పాడు. బంగార్రాజు భార్య చిన్నతల్లి మజ్జిగ చెంబుతో ఆటో దిగింది.

"ఏటయ్యా ఈ అగాయిత్యం! కళ్ళు తిరుగుతన్నాయా? ముందు పడుకో!"

"నాకేటీ అవలేదే!"

"పడుకోమన్నానా!"

చిన్నతల్లి మాటకి ఎదురు చెప్పే అలవాటు ఆ ఇంట్లో లేదు. బంగార్రాజు బల్ల మీద వాలాడు. సరిగ్గా అప్పుడే అచ్చియ్యమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఫోను చూసింది, బల్ల మీది మనిషిని చూసింది.

"ఐతే గ్రూపులో రాసిందంతా నిజవేనన్నమాట" అంది.

బంగార్రాజు దిగ్గున లేచి, ఆవిడ చేతిలోని ఫోను చూసి నీరుకారిపోయాడు. బండి లేదు, బండి లేదు, బండి లేదు. ఏ కాటా యజమానీ చచ్చినా బయటికి చెప్పని మాట తన పేరు మీద ఊరూరా తిరుగుతోంది. ఎంత సిగ్గు!

బ్యాంకు నుంచి వచ్చిన ప్రవల్లిక సెట్టింగులు చూసి నెత్తి కొట్టుకుంది. "లాగ్‌ని రైతుల మీదికి వదిలీసేవేటి మావయ్యా!"

"ఆపీయే తల్లీ, నీకు పుణ్యముంటాది!"

ఆమె ఆపబోతుండగా బయట హారన్లు మోగాయి. ఒకటి వెనక ఒకటి చెరకు ట్రాక్టర్లు. ముందు ట్రాక్టరు డ్రైవరు తల బయటపెట్టి, "గ్రూపులో సూసొచ్చేం, కాళీయే కదా బాబూ? బస్టాండు కాడ లైన్లో తెల్లారగట్లనించీ సస్తన్నాం!" అన్నాడు.

అచ్చియ్యమ్మ ఆ వరుసని తీరిగ్గా చూసింది. "'రండి, కాళీయే' అని పిలిచి లైన్లో నిలబెట్టినోళ్ళనే సూసేను గానీ, నిజం సెప్పినోడిని ఇదే సూడ్డం. ఈ సీజను నీదే బంగార్రాజూ. ఒకటే షరతు. ఈ లాగ్ ఆగిందా, మా బండ్లూ ఆగిపోతాయి."

బంగార్రాజుకి పట్టలేని ఆనందం. మొదటి ట్రాక్టరు కాటా ఎక్కింది. ప్రోగ్రాం కూడా వెంటనే అందుకుంది: 'లేచాను. కాటా చూశాను. బండి ఉంది.' సెకనుకోసారి, అలుపు లేకుండా. వరుసలో చివరి డ్రైవర్లు ఫోన్లు చూసుకుని, ట్రాక్టర్లు తిప్పుకుని మళ్ళీ బస్టాండు దారి పట్టారు.

అబద్ధం చెప్పే సెట్టింగు ఏ వరుసలో ఉంటుందో మేనకోడల్ని అడుగుదామని నోరు తెరిచి, అచ్చియ్యమ్మ ఇంకా పక్కనే ఉందని చూసి, బంగార్రాజు అందరికీ టీ చెప్పాడు.