నేను కదలకుండా కూర్చున్న మూడు రోజులు

మా ఇంట్లో దొంగ ఒక్కడే. వాడికి అరవై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, షుగరు. వాణ్ణి పట్టుకోడానికి మా ఆవిడ కెమెరా కొనింది.

ఆ దొంగ నేనేనని ఈపాటికి మీకు తెలిసిపోయే ఉంటుంది. నవ్వండి, పర్లేదు. మొదట్లో నేనూ నవ్వాను.

నాతో మాత్రం ఆవిడ అలా చెప్పలేదు లెండి. "ఈ రోజుల్లో దొంగల భయం ఎక్కువైందండీ" అంది. నలభై ఏళ్ళు తాళాల కొట్టు నడిపినవాడి ఇంటికి దొంగల భయమా! మా తలుపు తాళం నా చేత్తో చేసింది. మూడు మలుపులు తిప్పాలి, రెండో మలుపులో తాళంచెవిని కొంచెం పైకెత్తాలి. మా ఆవిడకే అది తీయడం రావడానికి ఏడాది పట్టింది. దొంగ అనేవాడు వస్తే మా గుమ్మం ముందే ముసలివాడైపోతాడు.

"అయితే కెమెరా గుమ్మం దగ్గర కదా పెట్టాలి? హాల్లో, వంటగదికి ఎదురుగా ఎందుకు?" అన్నాను.

"దొంగ ఎక్కడుంటే అక్కడ పెట్టాలి" అంది.

అదొక గుండ్రటి తెల్ల బుర్ర. రెప్ప వెయ్యదు. నేను ఏం తింటున్నానో అదే పనిగా చూస్తుంది. నోరు విప్పితే మా ఆవిడ పక్షమే. అందుకని దానికి 'అత్తగారు' అని పేరు పెట్టాను.

బిగించిన రోజు మా ఆవిడ ఒక్క పనే నాకు అప్పగించింది. "డబ్బా మీద ఏదో నంబరుంది. అది కంపెనీ వాళ్ళు పెట్టిన పాస్‌వర్డట. మార్చెయ్యమన్నారు. తాళాల పని మీదేగా, మార్చండి."

నేను అయిదో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. ఫోను తీసి అటు నొక్కాను, ఇటు నొక్కాను. అది నన్ను మూడుసార్లు 'మీరు మనిషేనా?' అని అడిగింది. నాకు ఒళ్ళు మండి ఫోను పక్కన పడేశాను.

"మార్చారా?"

"ఎప్పుడో! నా తాళం సంగతి నాకు చెప్తావా?"

ఈ అబద్ధాన్ని కొంచెం గుర్తుపెట్టుకోండి. తర్వాత అదే నన్ను స్ట్రెచర్ ఎక్కించింది.

మా ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఆవిడ ఆసుపత్రిలో దుప్పట్ల స్టోరుకి పెద్ద. ఎనిమిదింటికి వెళ్తే ఆరింటికి వస్తుంది. నేను కొట్టు మూసేసి ఆరు నెలలైంది. జనమంతా తలుపులకి నంబర్ల తాళాలు పెట్టించుకున్నారు. తాళంచెవి పారేసుకునేవాడే లేకపోతే నా గడప ఎవరు తొక్కుతారు? అప్పట్నుంచి పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా నా చుట్టూ శబ్దం చేసేవి మూడే. ఫ్రిజ్జు, నీళ్ళ మోటారు, అత్తగారు.

"ఏవండీ, ఆ మూత పెట్టండి."

ఆసుపత్రిలో కూర్చుని మా ఆవిడ ఫోన్లో అంటే ఇక్కడ అత్తగారిలోంచి వినపడుతుంది. మొదటిసారి ఆ గొంతు విన్నప్పుడు నేను స్టూలు మీదున్నాను, చెయ్యి బిస్కెట్ల డబ్బాలో ఉంది. స్టూలు ఒకవైపు, నేను ఒకవైపు.

"పడ్డారా?"

"లేదు, దిగాను."

"బిస్కెట్టు లోపల పెట్టి దిగారా, నోట్లో పెట్టి దిగారా?"

ఇలా రోజుకి ఏడెనిమిది సార్లు. 'లేచి నాలుగడుగులు వెయ్యండి.' 'మాత్ర వేసుకున్నారా?' 'ఆ బనీను మార్చండి, చూళ్ళేకపోతున్నా.' నా ఇంట్లో నేను బనీను కూడా స్వేచ్ఛగా వేసుకోకూడదా? రోషం వచ్చింది. నాకు రోషం వస్తే మా స్టూడియోవాడి దగ్గరికి వెళ్తాను. వాడూ నేనూ చిన్నప్పట్నుంచీ బావా బావా అనుకుంటాం. ఫొటో తీసే ముందు ఎదుటివాడి కన్నా వాడే ఎక్కువ కళ్ళు ఆర్పుతాడని అందరూ 'ఫ్లాష్ బావ' అంటారు.

"బావా, అత్తగారి కంట్లో దుమ్ము కొట్టాలి" అన్నాను.

మర్నాడు మా ఆవిడ వెళ్ళగానే ఫ్లాష్ బావ వచ్చాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి పేపరిచ్చి, తాను స్టూలెక్కి అత్తగారి కంటి పక్కనే కెమెరా పెట్టాడు. ముందుగా అత్తగారి ముఖాన తువ్వాలు కప్పాం లెండి. బూజు దులుపుతున్నానని మా ఆవిడకి చెప్పాను.

"కదలకు బావా."

"కదల్లేదు."

"మూతి కదులుతోంది."

"మాట్లాడుతున్నా కదా!"

పదకొండోసారికి సరిగ్గా వచ్చింది. దాన్ని పెద్ద క్యాలెండరంత చేసి ఇచ్చాడు. అత్తగారి ముందు మూరెడు దూరంలో దారాలతో వేలాడగట్టాను. ఇక కెమెరాలోకి ఎప్పుడు చూసినా నేను కుర్చీలో బుద్ధిగా పేపరు చదువుతూ ఉంటాను. ఒక్కటే జాగ్రత్త, ఫ్యాన్ వెయ్యకూడదు. వేస్తే ఇల్లూ నేనూ కలిసి ఉయ్యాల ఊగుతాం. సాయంత్రం ఆవిడ వచ్చేలోపు ఫొటో తీసి బీరువా వెనక దాచేస్తాను.

అలా ఆరు నెలల తర్వాత నేను చెప్పులు తీశాను. ఎడమ చెప్పులో సాలెపురుగు కాపురం పెట్టింది. దాన్ని ఖాళీ చేయించి వీధిలోకి వెళ్ళాను.

వెళ్ళాను గానీ, ఎక్కడికి? నా కొట్టు పక్క గడియారాల కొట్టు మూసేసి ఉంది. షట్టరు మీద ఎవరో సెల్‌ఫోను బొమ్మ వేశారు. మంగలి కుర్చీలో కూర్చున్నవాడు ఫోన్లో ఉన్నాడు, మంగలి చెవికి తీగ పెట్టుకుని ఉన్నాడు. "ఏం, బాగున్నావా?" అంటే ఇద్దరూ తల ఊపారు. పాటకి ఊపారో నాకు ఊపారో తెలీదు. నా కొట్టు షట్టరుకి నేను చేసిన తాళమే ఇంకా వేలాడుతోంది. దాన్ని కాసేపు పట్టుకుని నిలబడ్డాను. ఎండకి వేడెక్కి ఉంది. బస్టాపు బల్ల మీద కాసేపు కూర్చుని, మూడు బస్సులు పంపించి, ఇంటికొచ్చేశాను.

స్టూలెక్కి డబ్బా తీశాను. ఒక బిస్కెట్టు తిన్నాను. రెండు తిన్నాను. డబ్బా మూత కావాలని ఠంగున కింద పడేశాను.

అత్తగారు నోరు విప్పలేదు.

ఎందుకో బిస్కెట్టు సున్నంలా అనిపించింది.

రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. నా ఫొటో అత్తగారి ముందు పేపరు చదువుతోంది, నేను దాని వెనకాల గోడకి ఆనుకుని నిలబడి 'మాత్ర వేసుకున్నారా' అన్న మాట కోసం చూస్తున్నాను. ఫ్రిజ్జు కూడా ఉన్నట్టుండి గుర్రు ఆపేసింది. అప్పుడొచ్చిందండీ ఆ ఆలోచన. ఒక మనిషి మూడు రోజులు, రోజుకి పది గంటలు, ఒకే కుర్చీలో, ఒకే పేజీ చదువుతూ కదలకుండా కూర్చుంటే, ఏమయ్యా, ఉన్నావా పోయావా అని అడగదా కట్టుకున్న పెళ్ళాం?

ఆ సాయంత్రం అడిగేశాను. "ఇవాళ కెమెరాలో నన్ను చూశావా?"

"చూశాగా."

"ఎలా ఉన్నాను?"

"బుద్ధిగా ఉన్నారు."

"అంతేనా?"

"ఇంకేం కావాలి, దిష్టి తియ్యనా?"

"కూరలో ఉప్పు తక్కువైంది" అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఫ్లాష్ బావని మళ్ళీ పిలిచాను. "ఈసారి చచ్చిపోవాలి" అన్నాను.

అత్తగారి ముఖాన మళ్ళీ తువ్వాలు కప్పి, కుర్చీ పడేసి, పేపరు చెల్లాచెదురు చేసి, నేల మీద నోరు తెరుచుకుని పడుకున్నాను.

"నాలిక లోపల పెట్టుకో బావా, అతి అయిపోతోంది" అన్నాడు ఫ్లాష్ బావ. అంతలోనే కళ్ళు ఆర్పడం మానేసి, "అదికాదు బావా, ఇదెందుకు?" అన్నాడు.

"నువ్వు ఫొటో తియ్యి" అన్నాను. ఎందుకో చెప్పాలంటే నాకే సిగ్గేసింది.

సరిగ్గా పదకొండింటికి చచ్చిపోయిన నన్ను అత్తగారి ముందు వేలాడగట్టాను. బతికున్న నేను వంటగదిలో పీట వేసుకుని డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు అరుస్తుంది. ఇప్పుడు 'ఏవండీ!' అంటుంది. పది నిమిషాలు. పావుగంట.

అత్తగారు అనలేదు గానీ, తలుపు అంది. దబదబా బాదుతున్నారు.

"ఏమయ్యా! వినపడుతోందా! పలుకు!"

గొంతు హాజరు మాస్టారిది. మా పైవాటాలో ఒక్కరే ఉంటారు, రిటైరైన హెడ్మాస్టరు. భార్య పోయి రెండేళ్ళు. మెట్ల దగ్గర ఎవరు ఎదురైనా 'నిన్న కనపడలేదే?' అంటారు, అందుకే ఆ పేరు. ఆయన వెనక ఇంకో నాలుగు గొంతులు. కింద అంబులెన్సు కూత.

నేను బిక్కచచ్చిపోయాను. తలుపు తీస్తే ఏం చెప్పాలి? చచ్చిపోయింది ఫొటో అని చెప్పాలా? కంగారులో నా బుర్రకి తట్టింది ఒక్కటే ఉపాయం. గభాలున ఫొటో పీకి బీరువా వెనక తోశాను. కుర్చీ పడేశాను. పేపరు చల్లాను. అచ్చం ఫొటోలో ఉన్నట్టే నేల మీద నోరు తెరుచుకుని పడుకున్నాను. కానీ నోట్లో బిస్కెట్టు ఉంది. ఫొటోలో లేదు.

బయట ఇనప కడ్డీతో పొడుస్తున్నారు. గర్వంగా చెప్పుకుంటున్నానండీ, నా తాళం ఊడిరాలేదు. తలుపే ఊడొచ్చింది.

అందరూ లోపలికి పడ్డారు. అంబులెన్సు కుర్రాళ్ళిద్దరు నన్నెత్తి స్ట్రెచర్ మీద వేశారు. ఒకడు మణికట్టు పట్టుకున్నాడు.

"నాడి బాగానే ఉందే!"

"నోట్లో ఏముందిరా?"

అప్పుడే శవం దగ్గింది. బిస్కెట్టు ముక్కలు వెళ్ళి మాస్టారి కళ్ళద్దాల మీద పడ్డాయి.

లేచి కూర్చోక తప్పలేదు. మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"అసలు మీకెలా తెలిసింది మాస్టారూ?" అన్నాను, ఎదురుదాడి మంచిదని.

ఆయన తల దించుకున్నారు. "నేనూ అదే రకం కెమెరా కొన్నానయ్యా. ఆ కంపెనీ డబ్బాలన్నిటి మీదా ఒకటే నంబరట. తెలీక దాని డబ్బా మీదున్న నంబరు ఫోన్లో కొట్టాను. మా ఇల్లు రాలేదు, మీ ఇల్లొచ్చింది."

"ఎప్పుడు?"

"ఆరు నెలలైంది."

కొత్త ఇంట్లోకి దిగిన రోజే పాత తాళం మార్చండి బాబూ అని నలభై ఏళ్ళు ఊరందరికీ చెప్పినవాణ్ణి. నా హాల్లోకి తలుపు బార్లా తెరిచి, ఆరు నెలలు తాళం వేశానని చెప్పుకుని తిరిగాను.

"తప్పే. మొదటి రోజే చెప్పాల్సింది" అన్నారు మాస్టారు. "చెబితే మార్చేస్తారని చెప్పలేదు. పొద్దున్నే నువ్వు పేపరు పట్టుకుని కూర్చుంటే, పైన నేనూ కుర్చీ వేసుకుని పేపరు తీసేవాణ్ణి. నువ్వు డబ్బా తీస్తే నవ్వుకునేవాణ్ణి. మూడు రోజుల్నుంచి పగలంతా నువ్వు కదల్లేదు. నాకు నిద్ర లేదయ్యా. ఇవాళ చూస్తే నేల మీద..."

నేను ఎవరో ఒకరు చూడాలని చచ్చాను. చూసేవాడు నెత్తి మీదే ఉన్నాడు.

అంతలో మా ఆవిడ వచ్చింది. ఊడిన తలుపు చూసింది, స్ట్రెచర్ చూసింది, నన్ను చూసింది. నేరుగా వెళ్ళి బీరువా వెనక చెయ్యి పెట్టి రెండు ఫొటోలూ లాగింది.

"నీకు తెలుసా?" అన్నాను.

"మొదటి రోజే. పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళు. మీరు కదలకుండా రెండు నిమిషాలు కూర్చోవాల్సింది మన పెళ్ళి ఫొటోకి. అందులోనే మీకు రెండు తలలు పడ్డాయి. అలాంటిది పది గంటలు కూర్చుంటే నేను నమ్ముతానా?"

"మరి తిట్టలేదే?"

ఆవిడ ఫొటోలు బల్ల మీద పెట్టింది. "సాయంత్రం వచ్చి చూస్తే మీ చెప్పులకి దుమ్ము ఉంది. ఆరు నెలలకి మొదటిసారి గుమ్మం దాటారు. తిడితే మళ్ళీ ఆ కుర్చీలో కూలబడతారని నోరు కుట్టుకున్నాను. ఆ డబ్బాలో ఉన్నవి కూడా తీపి బిస్కెట్లు కావు. షుగరున్నవాళ్ళవి. వారమైంది మార్చి."

అదన్నమాట సున్నం రుచి.

"అయితే ఇవాళ్టిది కూడా ఫొటో అని తెలుసు నీకు" అన్నాను, కొంచెం చిన్నబుచ్చుకుని.

"తెలీకేం. చచ్చిపోయినవాడు చొక్కా గుండీలన్నీ పెట్టుకుని పడిపోతాడా? మీరు ఇంట్లో ఎప్పుడు పెట్టుకున్నారు గుండీలు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయి కిందికి చూశాను. ఆవిడ ఎడమ కాలికి తన గోధుమరంగు చెప్పుంది. కుడి కాలికి ఎవరిదో నీలం రబ్బరు చెప్పు. ఆసుపత్రి నుంచి మా ఇంటికి రెండు బస్సులు మారాలి.

జన్మలో మొదటిసారి, చేతికి దొరికిన మాటని అనకుండా వదిలేశాను.

ఇప్పుడు మా ఇంటికి కొత్త తలుపు, పాత తాళం. కెమెరాకి కొత్త పాస్‌వర్డు, మా ఆవిడే పెట్టింది. నాకు చెప్పలేదు. మాస్టారికి చెప్పింది. అయినా ఆయన ఫోన్లో చూడరు. పొద్దున్న ఎనిమిదింటికల్లా పేపరు పట్టుకుని కిందికి దిగి నా పక్క కుర్చీలో కూర్చుంటారు. పదింటికి నన్ను లేపి వీధి చివరిదాకా నడిపిస్తారు. అత్తగారు గోడ మీద, మామగారు పక్క కుర్చీలో.

నిన్న మాస్టారు కళ్ళు మూసుకున్నారు కదా అని మెల్లగా స్టూలెక్కాను.

"హాజరు పడుతోంది" అన్నారు ఆయన, కళ్ళు తెరవకుండానే.

"ఏవండీ, దిగండి" అంది గోడ.

దిగాను.