రెండు కళావర్లంటే ఏటి?

ఆ ఆదివారం పొద్దున్న కాశీవిశ్వనాథం వేసుకున్న పథకంలో తిరకాసు ఏమీ లేదు. ఎనిమిదింటికి ఉప్మా, తొమ్మిదింటికి గోసాని నువాగాంలో క్లబ్బు, పన్నెండింటికి దంపతుల బ్రిడ్జి పోటీ కప్పు, ఒంటిగంటకి ఇంట్లో ముద్దపప్పూ ఆవకాయా. మధ్యలో జరగవలసిందల్లా ఒక్కటే. రెండు కళావర్లంటే అర్థమేమిటో భార్య వాసవీకుమారికి గుర్తుండాలి.

కప్పు మీద అంత ఆశ ఎందుకంటే, అదంతా అతని నోటి దురుసు. బరంపురం పెద్ద బజారులో పప్పుల హోల్‌సేల్ కొట్టు నడిపే మనిషి. బేరంలో ఒక్క మాట తూలడు గానీ, పేకముక్కలు చేతిలో ఉంటే ఒళ్ళు తెలియదు. నిరుడు ఇదే పోటీలో అక్క బాలామణి, బావ నీలకంఠం చేతిలో ఓడిపోయాడు. "పప్పు బస్తాలు మోసే బుర్రకి బ్రిడ్జెక్కడ ఎక్కుతాది బామ్మర్దీ?" అని బావ నలుగురిలో నవ్వాడు. అంతే, "ఈ కప్పు నా సేతికొచ్చిందాకా దిగపహండిలో మీ గుమ్మం తొక్కితే ఒట్టు!" అనేశాడు. అన్నాక పదకొండు నెలలు ఏ ఇబ్బందీ రాలేదు. బావే వారానికి రెండుసార్లు మొదటి బస్సుకి వచ్చి దిగిపోయేవాడు.

ఇప్పుడు అక్క దిగపహండిలో కొత్త ఇల్లు కట్టించింది. వచ్చే శుక్రవారం గృహప్రవేశం. పుట్టింటి చీర పెట్టడానికి ఆవిడకి ఉన్నది ఒక్కడే తమ్ముడు. చీర కొని పది రోజులైంది. "ఒట్టు తీసి గట్టుమీద ఎట్టి రారా" అని అక్క ఫోనులో బతిమాలింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడు కదా, "కప్పు అట్టుకునే వస్తాను, సూడు" అన్నాడు. గెలవకపోతే అక్క పుట్టింటివాళ్ళు లేకుండా పీటమీద కూర్చోవాలి. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా బీరువా తీసి ఆ చీర చూసుకుంటున్నాడు.

బ్రిడ్జి తెలియనివాళ్ళకి నాలుగు మాటలు. ఇద్దరిద్దరు ఒక జట్టు. ముందు పాట, తర్వాత ఆట. ఎన్ని పట్లు పడతామో పోటీపడి పాడాలి. చేతిలో ఏముందో భాగస్వామికి నోరు విప్పి చెప్పకూడదు, ముందే చేసుకున్న ఒప్పందాల ప్రకారం ఆ పాటతోనే తెలియజెయ్యాలి. ఒకరు 'ఒకటి నో ట్రంప్', అంటే తురుపు లేకుండా ఆడతామని, అన్నాక రెండోవారు 'రెండు కళావర్లు' అన్నారంటే కళావర్లతో పనేమీ లేదు. నీ దగ్గర ఇస్పేట్లు గానీ ఆఠీన్లు గానీ నాలుగున్నాయా అని అడగడం, అంతే.

"రెండు కళావర్లంటే?" ఉప్మా ప్లేటు ముందు కాశీ పరీక్ష మొదలుపెట్టాడు.

"నా దగ్గర కళావర్లు రెండున్నాయని."

"ఓలమ్మో! నెల్లాళ్ళనుంచి సెప్తన్నాను కదే!"

"కళావర్లంటే కళావర్లు కాదంటే ఎలా గుర్తుంటాదండీ? ఉన్న మాట అనక ఈ డొంకతిరుగుడేటి?"

అంతలో గేటు చప్పుడైంది. పక్కింటి చిన్నమ్మి కరివేపాకు కోసం వచ్చింది. వాసవి తల కూడా తిప్పకుండా, "ఏవండీ, కొళాయి కట్టీసారా?" అంది. కాశీ కూడా అలవాటు ప్రకారం, "టిఫినైందా చిన్నమ్మీ?" అని పలకరించాడు. పలకరించి, చెంచా గాలిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మిగతా ఊళ్ళలో మొగుడూ పెళ్ళాలు చుట్టాల ఎదుట గుట్టుగా మాట్లాడుకోవాలంటే ఇంకో భాషలోకి దూకుతారు. బరంపురంలో ఆ పప్పులుడకవు. తెలుగు అందరికీ వచ్చు, ఒడియా అందరికీ వచ్చు, హిందీ టీవీ నేర్పింది, ఇంగ్లీషు బడి నేర్పింది. ఏ భాషలో గొణిగినా చుట్టం తల ఊపుతాడు. అందుకని ఈ దంపతులు పెళ్ళయిన కొత్తలోనే సొంతంగా కొన్ని మాటలు కుదుర్చుకున్నారు. 'కొళాయి కట్టారా?' అంటే వచ్చినవాళ్ళు తిని వచ్చారో లేదో కనుక్కోండి అని. 'కళ్ళజోడు ఏదండీ?' అంటే ఈయన కోతలు కోస్తున్నాడు, నమ్మి ఏ మాటా ఇచ్చెయ్యకండి అని. పాతికేళ్ళలో వాసవి వీటిని ఒక్కసారైనా మరిచిపోలేదు.

"దొరికిందే!" చిన్నమ్మి వెళ్ళగానే కాశీ ఎగిరి గంతేశాడు. "రెండు కళావర్లంటే కొళాయి. నీ దగ్గర ఉందా నేదా అని అడుగుతన్నానన్నమాట. ఎదుటోడు కోతలు కోస్తన్నాడనిపిస్తే డబల్ అంటాను. అది కళ్ళజోడు. అర్థమైందా?"

"ఇదేదో నెల్లాళ్ళకింద సెప్పొచ్చు కదా," అంది వాసవి. పది ప్రశ్నలకి పదీ ఒప్పు చెప్పింది.

ఆ సంబరంలో కాశీకి ఒక నిబంధన గుర్తు రాలేదు. బ్రిడ్జిలో రహస్య ఒప్పందాలు చెల్లవు. ఏ పాటకైనా అర్థమేమిటని ఎదుటివాళ్ళు అడగొచ్చు. అడిగితే పాడినవాళ్ళు కాదు, వాళ్ళ భాగస్వామి విప్పి చెప్పాలి.

పదకొండింటికల్లా పోటీలో రెండు జంటలే మిగిలాయి. కాశీ, వాసవి ఒకవైపు. నీలకంఠం, బాలామణి మరోవైపు. ఇక మూడే ఆటలు. బావ జంట చాలా ముందుంది.

"ఒకటి నో ట్రంప్," అంది వాసవి.

"రెండు కళావర్లు," అన్నాడు కాశీ.

నీలకంఠం ముక్కలు బోర్లించి చిరునవ్వు నవ్వాడు. మరదలి జ్ఞాపకశక్తి సంగతి బాలామణి ఎప్పుడో చెప్పేసింది. "రెండు కళావర్లంటే ఏటి సెల్లెమ్మా?"

వాసవి భర్త వంక చూసింది. సైగ చేస్తే తప్పు కాబట్టి భర్త ఫ్యాను వంక చూశాడు.

"అదీ... అడగడం అన్నయ్యా. కొళాయి కట్టారా అని."

"డైరెక్టరు గారూ!" అని నీలకంఠం కేక పెట్టాడు.

పోటీకి న్యాయనిర్ణేత వెంకటరమణమూర్తి. లెక్కల మేష్టారుగా రిటైరైన మనిషి. నిబంధన దగ్గర కన్నతల్లినైనా వదలడు. "పేరుతో నాకు పన్లేదమ్మా. ఆ మాటకి మీ ఇద్దరి మధ్యా ఏ అర్థముందో అది పూర్తిగా సెప్పాలి. దాస్తే ఆట పోతాది."

ఆట పోతే కప్పు పోతుంది, కప్పు పోతే శుక్రవారం పోతుంది. వాసవి కళ్ళు మూసుకుని పూర్తిగా చెప్పేసింది. "ఇంటికెవరైనా వస్తే తినీసొచ్చారో నేదో కనుక్కోమని మా ఆయనకి సెప్పడమండీ. తినీసొస్తే కూకోబెట్టి కాఫీ. తినకపోతే మెల్లిగా బస్సు టైము గుర్తుచెయ్యడం."

కాశీ ముక్కలతో ముఖం కప్పుకున్నాడు.

"ఆగాగు," అన్నాడు నీలకంఠం. "మేమెప్పుడొచ్చినా కొళాయి కట్టారా అంటావు కదా?"

"అవునన్నయ్యా."

"నేను రెండుసార్లు లేచెళ్ళి కట్టీసొచ్చాను కూడానూ!"

"మీది మంచి మనసన్నయ్యా."

పక్క బల్లల దగ్గర కాలక్షేపం ఆటలు ఆగిపోయాయి. "కణ హెలా? కణ హెలా?" అంటూ ఒడియా మిత్రులు కూడా వచ్చి, ఏమైందని చుట్టూ మూగారు. ఎవరో వాళ్ళ భాషలో విప్పి చెప్పారు. నీళ్ళ ఇంజినీరు మోహనకృష్ణ ముఖం ఎర్రబడింది. "నన్నూ అదే అడిగారండీ! పాపం కొళాయి కారిపోతందేమోనని మర్నాడు మా మనిషిని కూడా పంపేను."

"వచ్చేడండీ," అంది వాసవి. "అతనొచ్చినప్పుడూ అడిగేను."

"మొన్న క్లబ్బు చందాకొచ్చినప్పుడు నాతో కూడా..." అని మొదలుపెట్టిన మేష్టారు, తన పదవి గుర్తొచ్చి దగ్గాడు. "వివరణ సంపూర్ణంగా ఉంది. ఆట సాగించండి."

అందరూ నవ్వారు గానీ బాలామణి నవ్వలేదు. "తోడబుట్టినదాన్నిరా కాశీ. నాక్కూడా కొళాయేనా?" అంది. ఆ గొంతు విని కాశీ ప్రాణం చివుక్కుమంది. జవాబు చెప్పేలోపే బావ అందుకున్నాడు. "ఇంకేటి మాటలు! కప్పు గెలిసినా సరే, మా గుమ్మం తొక్కక్కర్లేదు." అని ఆ కోపంలో వెయ్యకూడని ముక్క వేశాడు. ఆట కాశీదైంది. కప్పు ఒక మెట్టు దగ్గరైంది, అక్క ఇల్లు నాలుగామడలు దూరమైంది.

రెండో ఆటలో నీలకంఠం ముక్కలు సర్దుకోకుండానే, "నాలుగు ఆఠీన్లు!" అని అరిచాడు. కాశీ తన చేతికేసి చూసుకుంటే ఆఠీను ఆసు, రాజు, ఇంకా రెండు ఆసులు ఉన్నాయి. బావ నాలుగు ఆఠీన్లు చెయ్యడం కల్ల. ఇక్కడ డబల్ అనని వాడు పేక ముట్టకూడదు. కానీ డబల్ అంటే ఏమవుతుందో అతనికి కళ్ళకి కట్టినట్టు కనబడుతోంది.

"డబల్," అన్నాడు నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో.

"డబల్ అంటే?" నీలకంఠం వాసవి మీదికి వంగాడు.

వాసవి మేష్టారి వంక చూసింది. "దాచకూడదు కదండీ?"

"కూడదమ్మా."

"ఎదుటాయన కోతలు కోస్తన్నాడు, నమ్మకండి అని. ఇంటి దగ్గరైతే కళ్ళజోడు ఏదండీ అంటాం."

"నేనా? నేనెప్పుడు కోసేను కోతలు?"

అడిగినదానికి పూర్తిగా చెప్పాలన్నారు కదా అని వాసవి వేళ్ళు ముడిచింది. "మొన్న గురువారం గృహప్రవేశానికి నాలుగొందలమంది వస్తారన్నప్పుడండీ. అంతకుముందు సిమెంటంతా కంపెనీవోడు ఊరికే పంపేడన్నప్పుడు. దసరాల్లో..."

"సాలమ్మా, ఉదాహరణలక్కర్లేదు," అన్నాడు మేష్టారు.

"సెప్పనీండి మేష్టారూ!" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

"రీడబల్!" అని గర్జించాడు నీలకంఠం. అంటే నష్టమైతే నాలుగింతలు. మూడు పట్లు తక్కువయ్యాయి. లెక్క చూస్తే రెండు జంటలూ ఇంచుమించు సమానం. చివరి ఆట ఎవరిదో కప్పు వాళ్ళది.

గెలుపు చెంతకొచ్చినా కాశీ చూపు ముక్కల మీద లేదు. అక్క ముఖానికి ముక్కలు అడ్డం పెట్టుకుని కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి. "ఏడవకే అక్కా, నీకు దణ్ణం పెడతాను," అన్నాడు. బాలామణి ముక్కలు దించింది. నవ్వు ఆపుకోలేక ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "ఆ కోతల సంగతి మీక్కూడా తెలిసిపోయిందేటిరా? లోకంలో నాకొక్కదానికే తెలుసనుకున్నాను," అని మళ్ళీ ముక్కలు అడ్డం పెట్టుకుంది.

మూడో ఆట. కాశీ నాలుగు ఇస్పేట్లు పాడాడు. టీ గ్లాసులు ఎగిరేలా నీలకంఠం బల్ల గుద్ది, "డబల్!" అన్నాడు. పాట ముగిసి వాసవి తన ముక్కలు బల్ల మీద పరిచింది. అలా పరిచినవాళ్ళని డమ్మీ అంటారు, ఆట అయ్యేదాకా వాళ్ళు నోరెత్తకూడదు. ఆ నిబంధన మేష్టారు చదువుతుంటే కాశీ ఒక్కడే కాదు, క్లబ్బంతా ఊపిరి పీల్చుకుంది.

ఆట ఒక్క ముక్క దగ్గర చిక్కుకుంది. తురుపు రాణి, అంటే ఇస్పేటు రాణి, ఎదుటివాళ్ళలో ఎవరి దగ్గరుంది? బావ దగ్గరుంటే ఒక వైపు నుంచి ఆడాలి, అక్క దగ్గరుంటే రెండో వైపు నుంచి. తప్పితే కప్పు లేదు, ఒట్టు తీరదు, చీర బీరువాలోనే ఉంటుంది. బుద్ధున్నవాడెవడైనా డబల్ అన్నవాడి దగ్గరే తురుపు రాణి ఉందనుకుంటాడు. కాశీ కూడా అలాగే ఆడబోయాడు. ఆడబోయి, పొద్దుట్నుంచీ తన కొంప ముంచుతున్న నిబంధన తనకీ వర్తిస్తుందని అప్పుడు గుర్తొచ్చి ఆగాడు.

"అక్కా, బావ డబల్ అంటే అర్థం ఏటి?"

"బలమైన సెయ్యని సెప్పు," అన్నాడు నీలకంఠం.

"మీరు మాటాడకూడదు," అన్నాడు మేష్టారు.

బాలామణి తమ్ముడి వంక చూసింది. చెమటతో చొక్కా వీపుకి అతుక్కుపోయింది. చిన్నప్పుడు లెక్కల పరీక్ష ముందు ఎలా ఉండేవాడో అలాగే ఉన్నాడు. ఆవిడ మేష్టారి వైపు తిరిగింది. "పూర్తిగా సెప్పాలాండీ?"

"పూర్తిగా."

"పెళ్ళయి ముప్పై రెండేళ్ళయిందండీ. ఈయన మెల్లిగా డబల్ అంటే సేతిలో ఉన్నట్టు. బల్ల గుద్ది అన్నారంటే ఏటీ నేనట్టు."

"ఒసే!" అన్నాడు నీలకంఠం.

"రూలండీ," అంది బాలామణి.

కాశీ డమ్మీలోంచి చిన్న ఇస్పేటు అడిగాడు. బాలామణి చిన్నది వేసింది. కాశీ జాకీ వేశాడు. ఇక నీలకంఠం వంతు. రాణి మొలుస్తుందేమోనన్నట్టు అతను తన ముక్కలకేసి చాలాసేపు చూశాడు. చివరికి ఇస్పేటు మూడు వేశాడు. రాణి బాలామణి చేతిలోనే ఉంది. క్లబ్బులో ఈలలు, చప్పట్లు.

మేష్టారు కప్పు అందిస్తే కాశీ దాన్ని బల్ల మీద పడేసి అక్క చేతులు పట్టుకున్నాడు. "తప్పైపోయిందే అక్కా. శుక్రవారం ఆరింటికల్లా సీరతో వచ్చీస్తాను."

"తినకుండా రా," అంది బాలామణి. "మా ఇంట్లో ఎవరూ అడగరు."

"గుమ్మం తొక్కొద్దన్నాను కదా!" అని నీలకంఠం లేచాడు.

"ఇల్లు నా పేరున రిజిస్టరైంది," అంది బాలామణి.

నిషేధించడానికి తన గుమ్మం తనకి లేదని తెలిసి నీలకంఠం బల్ల మీది కప్పుకేసి చూశాడు. తర్వాత చెయ్యి పైకెత్తాడు. "అయితే ఇనండి! ఆ కప్పు మళ్ళీ నా సేతికొచ్చిందాకా బరంపురంలో మీ గుమ్మం తొక్కితే ఒట్టు! గురువారం రాను, ఆదివారం రాను, మీ ఇంట కాఫీ సుక్క ముట్టను!"

"అంత మాటనకు బావా," అని కాశీ గడ్డం పట్టుకున్నాడు. మేష్టారు నచ్చజెప్పాడు. మోహనకృష్ణ రెండు భాషల్లోనూ బతిమాలాడు. డమ్మీగా మొదలైన మౌనాన్ని వాసవి ఒక్కతే విడవలేదు.

ఆ సాయంత్రం నుంచే ఆవిడ బ్రిడ్జి శ్రద్ధగా నేర్చుకోవడం మొదలుపెట్టింది.