మెరిసే కేకు మహిమ

మెరవని కేకు కేకే కాదు! తినడానికి పనికొస్తే చాలదా అని అడిగే పాతకాలపు మనుషులు ఇంకా ఉన్నారు. తినడానికైతే జొన్నసంగటి లేదా?

ఈ సత్యాన్ని కొమరోలు పక్క పల్లెలో ముందుగా కనిపెట్టినవాడు సంఘపెద్ద, కళ్లంలో కూలిగింజలు కొలిచిచ్చే మేస్త్రీ ఎజ్రా. మార్కాపురంలో పలకల వ్యాపారి ఒకాయన ఇంట పెళ్లి కేకు వెండిలా మెరుస్తుంటే కిటికీలోంచి చూసి వచ్చాడు. ఆనాటి నుంచి ఆయనకు మామూలు కేకు కంటికి ఆనలేదు.

ఆ పల్లెలో క్రిస్మస్ కేకంటే ఊరుమ్మడి వ్యవహారం. కూలి చేసుకునే ప్రతి ఇంటివాళ్లూ గుడ్డో, గుప్పెడు బెల్లమో తెచ్చిస్తారు. మిషన్ దొరల బంగళాలో వంట నేర్చిన దయామణి దాన్ని ఇసుక పోసిన బానలో కాలుస్తుంది. ఆరాధన అయ్యాక తలా ఒక ముక్క. పిల్లలు ఏడాదంతా ఆ ముక్క కోసమే కాచుకుని ఉంటారు. ఎంత అనాగరికం!

ఆ ఏడు పండుగకు మిషన్ దొర, దొరసాని వస్తున్నారు. ఎజ్రా వెండి రేకులు తెప్పించి దయామణి చేతికిచ్చాడు.

“ముత్యం మాదిరి మెరవాల అమ్మీ. ఎవురూ కొయ్యగూడదు. కోస్తే మెరుపు పోతాది.”

“మరి పిల్లోళ్లు, చిన్నాయనా?”

“చూస్తారు! కండ్లు లేవా ఏంది వాళ్లకి?”

ఎంత గొప్ప మాట! నోటికైతే ఒక్క ముక్క, కంటికైతే కేకంతా! అజీర్తి లేదు, పంపకాల తగాదా లేదు. గిద్దలూరు తాలూకాలో అందరి సంగటి మీదా వెండి రేకు అద్దితే కరువన్న మాట ఉంటుందా?

దయామణికి మాత్రం కడుపు మండింది. ఉన్న ఒక్క పెట్ట పెట్టిన గుడ్లను పిల్లలకు పెట్టకుండా తెచ్చిచ్చిన ఎలీషబాకు ఏమని చెప్పాలి? అయినా పైకి నవ్వుతూనే, “కేకు ఎత్తుగా కనబడాల. అడుగున పెట్టను కూలిగింజలు కొలిచే నీ కుంచం ఇయ్యి చిన్నాయనా” అంది. ఎజ్రా మురిసిపోయి ఇచ్చాడు.

దయామణి ఆ కొయ్య కుంచాన్ని బోర్లించి, నిమ్మరసం కలిపిన చక్కెర ముద్ద దానికి దట్టంగా మెత్తింది. కొత్త పలకలా నున్నగా రుద్ది, తడి ఆరకముందే వెండి రేకులు అద్దింది. అసలు కేకు పొద్దున్నే ప్రార్థన గుడి వెనక పిల్లల కడుపుల్లోకి చేరిపోయింది.

దొరసాని బల్ల మీది మెరుపు చూసి ముచ్చటపడి కత్తి అందుకుంది. ఎజ్రా వద్దు వద్దంటూనే ఉన్నాడు. ఆమెకు తెలుగు రాదు. కత్తి ఠక్కున ఆగింది, చక్కెర పెళ్లలుగా రాలింది. దొర దాన్ని ఎత్తి తిప్పి చూశాడు. లోపల అడుగున మందపాటి చెక్క బిళ్ల దిగ్గొట్టి ఉంది. కుంచం లోతు సగానికి సగం తగ్గిపోయింది.

“ఇది ఏమిటి?” అన్నాడు దొర.

ఊరందరికీ తెలిసిన సంగతే, అడిగినవాడే లేడు.

“మా కూలి కొలిచే కుంచం దొరా” అంది దయామణి. “పైకి ఎప్పుడూ ఇట్లనే నిండుగా కనబడతాది.”

ఇప్పటికైనా మెరుపు మహిమ ఒప్పుకుంటారా? ఇన్నేళ్లుగా ఆ కుంచం కళ్లంలో ఉత్త కొయ్యగానే పడి ఉంది కదా, ఒక్క దొరైనా తిప్పి చూశాడా?